లంబసింగి మంచు చూసి పోండి, నేల జోలికి రాకండి

తెలుగులో మంచుకు ఒకటే మాట. పొగలా కమ్మినా మంచే, గడ్డి మీద బొట్టుగా నిలిచినా మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. లంబసింగికి పట్టిన గోలలో సగం ఈ మాటతోనే మొదలైందని నా అనుమానం. డిసెంబరు రాగానే టీవీలు 'ఆంధ్రా కాశ్మీర్' అని ఊదరగొడతాయి. ఇక శని, ఆదివారాల్లో నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డంతా కార్లే. అక్కడ పడేది పొగమంచు. మరీ చలి ముదిరిన రోజున గడ్డి మీది బొట్లు గడ్డకడతాయి, అంతే. వచ్చినవాళ్లు చెరువులవేనం కొండెక్కి, కాళ్ల కింద మబ్బులతో సెల్ఫీ దిగి, బొంగు చికెన్ తిని మధ్యాహ్నానికి దిగిపోతారు.

నేనూ అలా వెళ్లినవాణ్నే, దాచేదేముంది. రోడ్డు పక్కన చదునైన జాగా కనిపిస్తే కారు ఆపబోయాం. ఓ పెద్దావిడ చంకలో టార్పాలిన్ చుట్టతో వచ్చి, "అక్కడ పెట్టకండి బాబూ, కాఫీ ఆరబెట్టుకోవాలి" అంది. ఎండ ఎప్పుడొస్తుందమ్మా అని అడిగితే, "పది దాటాలి" అంది. మేం ఏ మంచు కోసం అర్ధరాత్రి లేచి వచ్చామో, అది ఎప్పుడు విడుస్తుందా అని ఆవిడ ఎదురుచూస్తోంది.

లంబసింగి గురించి ఏ చర్చయినా ఇక్కడి నుంచే మొదలవ్వాలి. చింతపల్లి మండలంలో, దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న వ్యవసాయం ఊరు అది. పల్లంలో వరి మడులు, మెట్టన చోళ్లు, సామలు, రాజ్మా, పసుపు. కొండవాలున సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే పాకిన మిరియాల తీగ. ఈ కొండల కాఫీకి 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ మొక్క నాటాక మొదటి కాపు చూడాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు కాస్తూనే ఉంటుంది. వచ్చే ఏడాది ఈ నేల నాదో కాదో అనుకునేవాడు కాఫీ నాటడు. ఇది నాదే, నా తర్వాత నా పిల్లలది అన్న ధీమా ఉన్నవాడే నాటుతాడు. మన్యంలో గిరిజన రైతుకు ఆ ధీమా ఇచ్చింది సబ్సిడీ మొక్కలు ఒక్కటే కాదు, గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా కాపాడే 1/70 చట్టం.

ఆ చట్టం పేరు అందరూ ఎత్తుతారు, చదివినవాళ్లు తక్కువ. 1959 నాటి నిబంధనల్లో, అధికారి అనుమతి తెచ్చుకుంటే గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లే సందు ఉండేది. 1970లో ఆ సందు మూశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రకారం గుర్తించిన ప్రాంతంలో, భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకునేరు. కౌలు, తాకట్టు, దానం అన్నీ అందులోకే వస్తాయి. అంటే మైదానం నుంచి వచ్చిన పెట్టుబడిదారు స్థానికుడి పేరు ముందు పెట్టి, వెనక ఒప్పంద కాగితం రాయించుకుని రిసార్టు నడిపితే అది చట్టం కళ్లుగప్పడమే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లింది. ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని చెప్పేసింది.

2025 మొదట్లో జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సడలించాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడు అనడం, మన్యం బంద్, మార్చే ఉద్దేశమే లేదని ముఖ్యమంత్రి ప్రకటన. అక్కడితో చల్లబడిందని అందరూ అనుకున్నారు. నాకా నమ్మకం లేదు. హోటళ్ల మాట వచ్చినప్పుడల్లా ఇది మళ్లీ లేస్తుంది.

సడలించాలనేవాళ్ల వాదన తీసిపారేసేదేమీ కాదు. టూరిస్టుల వల్ల కుర్రాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్న మాట నిజం. టెంట్లు అద్దెకిస్తున్నారు, టీ కొట్లు పెట్టారు, స్ట్రాబెర్రీ బుట్టలు అమ్ముతున్నారు. కానీ గిరిజనుడు తన నేలలో తాను టెంటు వేసుకుంటానంటే ఈ చట్టం అడ్డురాదు. పది మంది కలిసి సంఘం పెట్టుకుని గదులు కట్టుకున్నా అడ్డురాదు. అడ్డొచ్చేది బయటివాడికే. మరి సడలింపు ఎవరి కోసమో వేరే చెప్పాలా?

నన్ను ఎక్కువ కుదిపేది ఇంకోటుంది. మైదానం వాళ్లకు కొండ ఎప్పుడూ ఒక దారిగానో, దృశ్యంగానో కనిపించింది తప్ప ఊరుగా కనిపించలేదు. బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేసింది గిరిజనుల చేతులే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్ల చేత చాకిరీ చేయించి, రావలసిన కూలి కూడా సరిగా ఇవ్వలేదు. అల్లూరి వెంట జనం కదలడానికి ఆ కోపం ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. నూరేళ్లు దాటింది. జిల్లాకు అల్లూరి పేరూ వచ్చింది. ఇప్పటికీ అదే మన్యంలో నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. వ్యూ పాయింటుకు కారు వెళ్లడం లేదంటే మనకు టెన్షన్, గూడేనికి అంబులెన్స్ వెళ్లడం లేదంటే అదొక రోజు వార్త.

మేం తిరిగి దిగేసరికి పదకొండు. ఆ జాగాలో టార్పాలిన్ పరిచి ఉంది. ఎర్రటి కాఫీ పండ్లను ఆవిడ కాళ్లతో తిరగేస్తోంది. గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. రోడ్డు వైపు మాత్రం ఇంకో రెండు, కాస్త పెద్దవి.