చూపుకు పన్ను లేదు, రాయికి కూలి లేదు

కొండవాలున మెట్లుమెట్లుగా దిగే పొలాలను ఎంతమంది చూసినా అవి అరగవు. ఒకరు చూశారని ఇంకొకరికి తగ్గవు, చూడొద్దని ఎవరినీ ఆపలేం. అర్థశాస్త్రంలో దీన్ని ప్రజావస్తువు అంటారు; టికెట్టు పెట్టే ఉపాయం ఇంకా దొరకలేదని తాత్పర్యం. ఆ పొలాలను మోసే గోడ, తడిపే కాలువ, పైనున్న పచ్చిక వేరే జాతి. ఒకడి ఆవు మేసిన గడ్డి ఇంకొకడి ఆవుకు దొరకదు. ఇవి ఉమ్మడి వనరులు. చూడటం మన హక్కు, పూడిక తీయడం అక్కడి రైతుల బాధ్యత. ఇంతకన్నా సమన్యాయం ఏముంటుంది?

ఉమ్మడి అనగానే 'ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె' అని నిట్టూర్చడం మర్యాద. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ నిట్టూర్పు వ్యాసమై ప్రపంచమంతా తిరిగింది. 'ఉమ్మడి' ముందు 'ఆలనాపాలనా లేని' అనే విశేషణం వదిలేశానని 1998లో ఆయనే ఒప్పుకున్నారు గానీ, సవరణలెవరు చదువుతారు? స్విట్జర్లాండులోని టోర్బెల్ గ్రామస్థులు మరీ మొండివాళ్లు. ఎవడైనా చలికాలమంతా ఎన్ని ఆవులను మేపగలడో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చికకు తోలాలని 1517లోనే రాసుకున్నారు. మించితే జరిమానా, అందులో సగం వసూలు చేసినవాడికే. ఇలాంటి మోటు పద్ధతులు శతాబ్దాలు నిలిచాయని చూపించిన రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ కూడా ఇచ్చేశారు.

ఇక గోడ సంగతి. పాతవాళ్లకు సిమెంటు తెలియదు పాపం. పెద్దరాళ్లు అడుగున పేర్చి, సుమారు ఆరడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కొండవైపు వాల్చేవారు. అక్కడక్కడ గోడ మందమంతా దాటే పొడవాటి రాయిని అడ్డంగా వేసి, వెనక చిన్నరాళ్లు కూరేవారు. వాన నీరు సందుల్లోంచి కారిపోయేది. ఎంత అలసత్వం! ఆధునిక మరమ్మతు సందులన్నీ సిమెంటుతో పూడ్చేస్తుంది. నీరు వెనకే నిలుస్తుంది, మట్టి బరువెక్కుతుంది, గోడ కడుపు ఉబ్బుతుంది, ఓ ముసురుకు మొత్తంగా కూలుతుంది. అప్పుడు 'పాత నిర్మాణం బలహీనం' అని నివేదిక రాయొచ్చు. ఒక రాయి జారినప్పుడే తిరిగి పెడితే పూటలో అయ్యే పని కాబట్టి, దానికి టెండరు పిలవడం కుదరదు.

ఫిలిప్పీన్స్‌లోని కార్డిల్లెరా వరిమెట్లకు 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, 2001లో ప్రమాద జాబితాలోకి వెళ్లాయి, 2012లో బయటపడ్డాయి. బిరుదిచ్చినంత మాత్రాన మడికి నీళ్లు పారవని తెలియడానికి ఆరేళ్లు చాలాయి. మన పద్ధతి తేలిక: ముందు వ్యూపాయింటు కట్టాలి, పార్కింగు కోసం పచ్చికలో కొంత చదును చేయాలి, కాలువ మీద పలకలు పరవాలి. పలకల కింద పూడిక కనబడదు కాబట్టి అది లేనట్టే లెక్క.