కలుజు మీద ఇసుక బస్తాలు వేయమంటున్న మెసేజ్‌కు జవాబు

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే చాలు, నెల్లూరు మెట్ట ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇది: "మన చెరువు కట్టలు రాజుల కాలం నాటివి, అవి తెగవు. కలుజు (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటు) మీద రెండడుగుల ఎత్తున ఇసుక బస్తాలు వేసుకుంటే ఎడగారుకు (రెండో పంటకు) కూడా నీళ్ళు మిగులుతాయి. వరద మరీ ఎక్కువైతే తూము ఎత్తేస్తే సరి. కట్ట కింద ఊట మామూలే, బంకమట్టి వేసి తొక్కితే ఆగిపోతుంది. కట్ట మీద చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) కొట్టొద్దు, వాటి వేళ్ళే కట్టను పట్టి ఉంచుతాయి. ఒకవేళ తెగినా చిన్న చెరువే కదా, నాలుగు పొలాలు మునుగుతాయి, అంతే."

రైతు బాగు కోరి రాసినట్టే ఉంటుంది. అందుకే జనం నమ్మి పక్క ఊరికి పంపుతున్నారు. అందులో ఒక్కో మాటా ఎంత ప్రమాదమో చెప్పాలి.

ముందు బస్తాల సంగతి. అన్నిటికంటే పెద్ద తప్పు అదే.

కలుజు అంచుకూ కట్ట పైభాగానికీ మధ్య కొంత ఎత్తు వదిలిపెట్టి కడతారు. అది వృథాగా వదిలింది కాదు. అందులో కొంత వరద నీరు కలుజు మీదుగా పారడానికి, మిగతాది గాలివానలో అలలు లేచినా నీళ్ళు కట్ట ఎక్కకుండా ఉండడానికి. ఒక చెరువుకు 30 మీటర్ల పొడవు కలుజు ఉందనుకోండి. దాని మీద 4 అడుగుల లోతున నీళ్ళు పారేదాకా కట్టకు ముప్పు లేదనుకోండి. లెక్క వేస్తే ఆ కలుజు సుమారు 2,400 క్యూసెక్కులు దాటిస్తుంది. ఇప్పుడు రెండడుగుల బస్తాలు పేర్చారు. నీళ్ళు పారడానికి మిగిలింది రెండడుగులే. లోతు సగమైంది కాబట్టి పారే నీరు కూడా సగమవుతుందని మనకు తోస్తుంది. కానీ కలుజు మీద లోతు తగ్గితే నీటి వేగమూ తగ్గుతుంది. అందువల్ల దాటేది 850 క్యూసెక్కులకు పడిపోతుంది, అంటే మూడో వంతు. మిగతా నీరు ఎక్కడికి పోవాలి? చెరువులోనే పెరిగి కట్ట ఎక్కుతుంది. మట్టి కట్ట మీదుగా నీళ్ళు పారడం మొదలైతే వెనక వాలు కోసుకుపోతూ కోత పైకి పాకుతుంది. కొన్ని గంటల్లో గండి పడుతుంది. ప్రపంచంలో మట్టి ఆనకట్టలు తెగడానికి ఉన్న రెండు పెద్ద కారణాల్లో ఇది ఒకటి.

"వరద వస్తే బస్తాలే కొట్టుకుపోతాయి కదా" అంటారు కొందరు. కర్రలు పాతి, మధ్యలో బంకమట్టి మెత్తి వేసినవి అంత తేలిగ్గా పోవు. పోతే ఒక్కసారిగా పోయి, అంత నీరూ కింది ఊరి మీదకు వస్తుంది. పైగా అది అర్ధరాత్రి జరిగితే కట్ట మీద మనిషి కూడా ఉండడు.

ఎడగారుకు నీళ్ళు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. మా వైపు ఎవరికి మాత్రం రెండో పంట వద్దు? కానీ ఆ నీళ్ళకు దారులు వేరే ఉన్నాయి. మూసినా కారుతూనే ఉండే తూము షట్టర్ బాగు చేయించాలి. చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగుకాలువలో కంప తీయించాలి. పొలాలకు వంతుల వారీగా నీళ్ళు వదలాలి. నీళ్ళు తక్కువున్న ఏడాది వరి బదులు మినుము, పెసర, వేరుశనగ లాంటి ఆరుతడి పైర్లు వేయాలి. వేసవిలో పూడిక తీయించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: ట్రాక్టర్లకు దగ్గరని కట్ట పాదం పక్కనే మట్టి తవ్వకూడదు. నీరు అడుగు నుంచి దారి చేసుకోకుండా ఆపేది అక్కడ పేరుకున్న బంకపొరే. దాన్ని తవ్వి పట్టుకుపోయాక పై వానకు కట్ట కింద ఊట పెరిగితే ఆశ్చర్యం ఏముంది?

తూము ఎత్తితే వరద పోతుందన్న మాటకు కూడా లెక్కే సమాధానం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తూము, దాని మీద 13 అడుగుల నీళ్ళు. పూర్తిగా ఎత్తినా అందులోంచి పోయేది 70 క్యూసెక్కులు. ఆ చెరువుకు 10 చదరపు కిలోమీటర్ల నుంచి నీళ్ళు వస్తాయనుకుందాం. 6 గంటల్లో 100 మిల్లీమీటర్ల వాన కురిసి అందులో సగం పారి వస్తే, సగటున 800 క్యూసెక్కులకు పైగా చెరువులోకి చేరుతుంది. వాన ముమ్మరంగా ఉన్న గంటలో ఇంకా ఎక్కువే. తుఫాను రోజుల్లో మన జిల్లాలో ఒక్క రోజులో 200 మిల్లీమీటర్లు పడడం కొత్తేమీ కాదు. తూము కట్టింది ఆయకట్టుకు, వరదకు కట్టింది కలుజు. ఇంకో సంగతి: వరద వచ్చిన రాత్రి తుప్పు పట్టిన షట్టర్ లేస్తుందన్న నమ్మకం లేదు. పెద్ద ప్రాజెక్టులకే ఆ భరోసా లేదు. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. భయపడి చెరువును ఒక్క రాత్రిలో ఖాళీ చేయబోవడం కూడా మంచిది కాదు. నీరు గబగబా దిగితే, లోపల తడిసి బరువెక్కిన మట్టికి ఎదురు ఆసరా పోయి చెరువు వైపు వాలు జారుతుంది.

ఊట గురించి మెసేజ్‌లో సగం నిజం ఉంది. ప్రతి మట్టి కట్టలోనూ కొంత నీరు ఊరుతుంది. చూడాల్సింది ఆ నీటి రంగు. తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వస్తుంటే గమనిస్తూ ఉంటే చాలు. బురదగా వస్తున్నా, నిన్నటికంటే ఎక్కువ వస్తున్నా, కట్ట వెనక నేలలో ఇసుకతో సహా బుగ్గలా పొంగుతున్నా, కట్ట లోపలి మట్టి బయటికి పోతోందని అర్థం. లోపల సొరంగం పడుతోంది. అమెరికాలో టీటన్ ఆనకట్ట 1976 జూన్ 5న ఇలాగే పోయింది. పొద్దున్నే బురద ఊట కనిపించింది, మధ్యాహ్నానికల్లా ఆనకట్ట తెగింది. అది 90 మీటర్లకు పైగా ఎత్తున్న కొత్త కట్టడం, ఇంజనీర్లు అక్కడే ఉన్నారు. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే ఆనకట్ట చిన్నదే. అది కారుతోందని ఊరివాళ్ళు ముందే మొరపెట్టుకున్నారు. 2019 జులై 2 రాత్రి అది తెగి ఇళ్ళు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు.

ఇక ఊట వచ్చే చోట బంకమట్టి వేసి తొక్కడం. ఇది చూడ్డానికి పనిచేసినట్టే ఉంటుంది. బయటికి దారి మూసుకున్న నీరు కట్టలోనే నిలిచి ఒత్తిడి పెంచుతుంది, ఇంకో చోట ఇంకా గట్టిగా పగులుతుంది. చేయాల్సింది దీనికి ఉల్టా. నీరు పోవాలి, మట్టి ఆగాలి. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద పెద్ద కంకర పరవాలి. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో బావిగట్టులా పేరిస్తే లోపల నీటిమట్టం పెరిగి పొంగు నెమ్మదిస్తుంది. బస్తాలకు అసలైన చోటు అదీ, కలుజు కాదు. వెంటనే ఇరిగేషన్ వాళ్ళకు ఫోన్ చేయాలి, కింది ఊరికి చెప్పాలి. నల్లరేగడి కట్టలున్న చోట ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రెండు మూడేళ్ళు ఎండిన చెరువులో కట్ట నెర్రెలిచ్చి ఉంటుంది. కరువు తర్వాత తొలిసారి నిండే రోజులే దానికి గడ్డురోజులు.

రాజుల కాలం నాటివి తెగవన్న మాటకు అందరూ చూపేది కంభం చెరువును. రెండు కొండల మధ్య సందులో కట్టిన ఆ చెరువు వందల ఏళ్ళుగా నిలిచింది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. మనందరికీ గర్వకారణమే. కానీ తెగిపోయిన పాత చెరువులు ఇప్పుడు కనిపించవు, వాటి అడుగున పొలాలున్నాయి. నిలిచినవాటిని చూసి అన్నీ నిలుస్తాయనుకోకూడదు. కట్టినవాళ్ళు కూడా అలా అనుకోలేదు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అది చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం వాటిలో ఒకటి. చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం మరొకటి. ఇప్పుడు బస్తాలతో మనం తెచ్చుకుంటున్నది ఆ రెండో దోషాన్నే. ఆ రోజుల్లో చెరువు మరమ్మతు చూసేవాళ్ళకు బదులుగా దశబంధం మాన్యాలనే భూములిచ్చేవారు, ఏటా ఊరంతా కట్ట మీద మట్టి వేసేది. ఆ చాకిరీ వల్లే అవి నిలిచాయి.

చిల్లచెట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కట్టను కాపాడేది గరిక. పెద్ద చెట్టు వేళ్ళు కట్టలోకి దిగుతాయి, చెట్టు చచ్చాక అవి కుళ్ళి గొట్టాల్లా మిగులుతాయి. ఆ కంప చాటున పందికొక్కులు బొరియలు చేసినా ఎవరికీ కనపడదు. తీసేటప్పుడు వేసవిలో, వేళ్ళతో సహా తవ్వి, ఆ గుంతను పొరలు పొరలుగా మట్టి పోసి దిమ్మిస చేయాలి. పైపైన నరికి వదిలేస్తే పని సగమే అయినట్టు.

చిన్న చెరువు తెగితే పొలాలే మునుగుతాయా? మన చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసుగా ఉంటాయి. పైది తెగితే ఆ నీరంతా కింది కట్టను కొడుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా వరద పొర్లి అది కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట అంతకు ముందే తెగింది. అన్నమయ్యకున్న 5 గేట్లలో ఒకటి పనిచేయలేదు. రాజంపేట వైపు ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. ఆ నీరు పెన్నలో కలిసి సోమశిల జలాశయం దాటి వస్తే, కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది.

చిన్న చెరువులకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్నవాటికి, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి వర్తిస్తుంది. మన ఊరి చెరువుల్లో చాలావాటి కట్ట అంత ఎత్తుండదు. అంటే ఆ చట్టం ప్రకారం జరిగే తనిఖీ వాటికి ఉండదు. చూసుకోవాల్సింది ఇరిగేషన్ శాఖ, నీటి వినియోగదారుల సంఘం, ఆయకట్టు రైతులు. అక్టోబరుకు ముందే సంఘం వాళ్ళు కట్ట పొడవునా నడిచి, ఎక్కడ కుంగిందో, ఎక్కడ తడిగా ఉందో రాసుకోవాలి. తూము షట్టర్ ఒకసారి ఎత్తి దించి చూడాలి. కలుజు మీద బస్తాలుంటే ఆ రోజే తీసేయించాలి.