వాచీ బ్యాకప్ అయింది, మరి గుండె లెక్కలు?

కిందటేడు మా అన్నయ్య ఫోన్ మార్చాడు. చేతికున్న స్మార్ట్‌వాచీని రీసెట్ చేసి, కొత్త ఈమెయిల్‌తో లాగిన్ అయి, పది నిమిషాల్లో జత చేసేశాడు. రాత్రి హెల్త్ యాప్ తెరిస్తే గ్రాఫ్ ఖాళీ. గుండె ఆపరేషన్ అయిన రోజు నుంచి నాలుగేళ్ల పల్స్, నిద్ర, నడక, అన్నీ పాత ఖాతాలో ఉండిపోయాయి. దాని పాస్‌వర్డ్ గుర్తులేదు. ఓటీపీ వెళ్లే నంబరు ఎప్పుడో వదిలేశాడు.

వాచీ బ్యాకప్ అన్న మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగున్నాయి. ఒకటి డయల్, యాప్‌లు, సెట్టింగ్‌లు. ఇవి పోయినా ఒక పూట కూర్చుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. రెండోది మన ఒంటి చరిత్ర. అది పోతే మళ్లీ కొలవలేం. చిక్కేమిటంటే మనకు కనిపించే బ్యాకప్ ఎక్కువగా మొదటిదాని గురించే మాట్లాడుతుంది. గూగుల్ తయారుచేసిన స్మార్ట్‌వాచీ సాఫ్ట్‌వేర్ వేర్ ఓఎస్‌లో అయితే వాచీని రీసెట్ చేయకుండా కొత్త ఫోన్‌కి మార్చుకునే వీలే 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో గానీ రాలేదు. యాపిల్ వాచ్ తనంతట తాను ఐఫోన్‌లోకి బ్యాకప్ అవుతుంది, నిజమే. కానీ ఆ ఐఫోన్‌ని ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ తాళం, పెట్టకుండా కంప్యూటర్‌లో బ్యాకప్ తీస్తే అందులో హెల్త్ డేటా ఉండదు. ఈ ఒక్క టిక్కు పెట్టడం ఎంతమందికి తెలుసు?

క్లౌడ్‌లో ఉంది కదా అని ధీమా పడటం కూడా నాకు సరిగా తోచదు. మైక్రోసాఫ్ట్ తన బ్యాండ్ అనే ఫిట్‌నెస్ చేతిపట్టీకి సంబంధించిన హెల్త్ సర్వీసును 2019 మే 31న మూసేసింది. గడువులోగా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకే డేటా దక్కింది. 2020 జులైలో స్పోర్ట్స్ వాచీల కంపెనీ గార్మిన్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి సేవలు రోజుల తరబడి ఆగిపోయాయి. అప్పుడు తెలివైన రన్నర్లు చేసిన పని చూడండి: వాచీని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, వ్యాయామం లెక్కలు వాచీలో దాచుకునే ఫిట్ (FIT) ఫైళ్లను నేరుగా కాపీ చేసుకున్నారు. ఏ సర్వరుతోనూ పని లేకుండా తమ పరుగు తమ చేతికొచ్చింది.

నేను కోరేది ఆ స్వతంత్రమే. ఐఫోన్ హెల్త్ యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి కిందికి వెళితే మొత్తం డేటాను ఎగుమతి చేసే బటన్ ఉంటుంది. నాది ఒకసారి తీసి చూశాను. జిప్ ఫైల్ విప్పితే వరసగా లక్షల పంక్తులు. ఒక పంక్తిలో తేదీ, తెల్లవారుజామున మూడుంబావు, కొలిచిన వాచీ పేరు, చివర 54. ఆ క్షణాన నా గుండె వేగం. ఏ కంపెనీ ఉన్నా లేకపోయినా ఆ పంక్తిని చదవొచ్చు.

లోపమూ ఉంది. ఆ ఫైల్‌ని తిరిగి హెల్త్ యాప్‌లోకి ఎక్కించే దారిని యాపిల్ ఇవ్వలేదు. బయటికి తీసుకెళ్లనిచ్చి లోపలికి రానివ్వకపోవడం అన్యాయమనే అంటాను. పైగా ఆ జిప్‌కి తాళం ఉండదు, కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లోనే పెట్టాలి.

అన్నయ్య ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున ఎగుమతి చేసి దాచుకుంటున్నాడు. మొన్న డాక్టరు ఆపరేషన్ తర్వాతి తొలి ఏడాది పల్స్ ఎలా ఉండేదని అడిగితే మాత్రం చూపించడానికి ఏమీ లేకపోయింది.