లిదెరార్ కన్నా మందార్ నయం

పోర్చుగీసు ఆఫీసు పాఠాల్లో ఒక మాట తెగ నూరిపోస్తుంటారు: బాసు ఆజ్ఞాపిస్తాడు, లీడరు నడిపిస్తాడు. అంటే ఆజ్ఞాపించడం అనే మందార్ చెడ్డ క్రియ, నడిపించడం అనే లిదెరార్ మంచి క్రియ. నేనైతే ఒప్పుకోను.

లిదెరార్ ఇంగ్లీషు లీడర్‌ని లీదెర్‌గా తెచ్చుకుని, దాన్నుంచి చేసుకున్న క్రియ. ఫుట్‌బాల్ వార్తల్లో అది చక్కగా అతుకుతుంది. బెన్ఫికా జట్టు లీగ్‌ని "లిదేర" అంటే పాయింట్ల పట్టికలో అందరికన్నా పైనుందని, అంతే. అదే ఉద్యోగ దరఖాస్తులో "లిదెరెయ్", అంటే ప్రాజెక్టును నేను నడిపించాను అని రాస్తే, ఆ మనిషి ఏం చేశాడో, అసలు పని ఎవరి చేతులమీదుగా జరిగిందో ఒక్క ముక్క తెలీదు.

మందార్‌తో ఆ దాపరికం కుదరదు. ఉత్తరం పంపడమూ మందారే, ఆజ్ఞాపించడమూ మందారే. "కెం మంద అకి?" అంటే ఇక్కడ పెత్తనం ఎవరిదీ అని. పక్కన ఇంకో క్రియ చేరితే అచ్చం మన "ఇంచు" చేసే పని చేస్తుంది. లిస్బన్‌లో ఒకాయన "మందెయ్ ఫజేర్ ఉం ఫాతు" అన్నాడంటే సూటు కుట్టించుకున్నాడని. కుట్టిన దర్జీ వేరే ఉన్నాడని ఆ వాక్యమే చెప్పేస్తుంది. మనమూ ఇల్లు కట్టించాం అనే అంటాం, కట్టింది మేస్త్రి కాబట్టి. ఆ మేస్త్రి కూడా పోర్చుగీసు "మెస్త్రె" నుంచి మనకొచ్చిన మాటే.

మందార్ అంటే జనం ఎందుకు మొహం చిట్లిస్తారో అర్థం చేసుకోగలను. బ్రెజిల్‌లో 1888 దాకా బానిసత్వం ఉంది. ఊళ్లేలిన భూస్వాముల జులుంకి "మందోనిజ్ము" అని పేరే పడింది. 1964 నుంచి 1985 దాకా సైనిక పాలన. పోర్చుగల్‌లో నియంతృత్వం కూలింది 1974 ఏప్రిల్ 25న. అధికారం ఉన్నవాడు చెప్తాడు, బుద్ధున్నవాడు వింటాడు అని వాళ్లకో సామెత. ఇంత చూసిన భాషలో ఆ క్రియకు చేదు అంటకుండా ఎలా ఉంటుంది?

కానీ పేరు మార్చినంత మాత్రాన పెత్తనం పోతుందా? ఉద్యోగం పీకేసేది ఆ "నడిపించే" ఆయనే కదా!

పైగా మందార్‌కు లాటిన్‌లో మూలార్థం అప్పగించడం. గెలిచిన నాయకుల పదవీకాలాన్ని "మందాతు" అనేది ఆ కుదురులోంచే. బ్రెజిల్ అధ్యక్షుడి మందాతు 4 ఏళ్లు. అప్పగించినవాళ్లు ఉన్నారు, గడువుంది, గడువయ్యాక లెక్క అడిగే హక్కుంది. ఆఫీసులో లిదెరార్ చేసేవాళ్లను ఆ లెక్క అడుగుతున్నది ఎవరు?