ఈసారికి వదిలేయడం ఇక కుదరదు

పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటుంది. ఓ తండ్రి మైదానం పక్క గీత (టచ్‌లైన్) దాటి లోపలికి దూసుకెళ్తాడు. ఈల పట్టుకున్న పదిహేనేళ్ల కుర్రాడి ముఖం ముందు వేలు ఆడిస్తూ నానా బూతులూ తిడతాడు. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో రెండు రోజులు చక్కర్లు కొడుతుంది. క్లబ్ విచారం వ్యక్తం చేస్తుంది. క్రమశిక్షణ కమిటీ కూర్చుని, ఆవేశంలో జరిగింది కదా, పెద్దమనిషి క్షమాపణ కూడా చెప్పాడు కదా, ఈసారికి వదిలేద్దాం అంటుంది. వచ్చే వారం ఆ తండ్రి మళ్లీ అదే చోట నిలబడతాడు. కనిపించనిది ఆ రిఫరీ కుర్రాడే.

తండ్రి నోటి దురుసుకన్నా కమిటీ మెతకదనమే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది. తిట్టినవాడికి ఆ పూట ఒళ్లు తెలియలేదనే అనుకుందాం. నాలుగు రోజుల తర్వాత బల్ల చుట్టూ తీరిగ్గా కూర్చున్నవారికి ఏమొచ్చింది? ఒక కేసును హెచ్చరికతో మూసేస్తే అది అక్కడితో ఆగదు. నెల తిరక్కుండా మరో క్లబ్ కార్యదర్శి ఆ ఉత్తర్వు కాపీయే పట్టుకొచ్చి, వాళ్లను వదిలినప్పుడు మావాడికి సస్పెన్షన్ ఎందుకని నిలదీస్తాడు. కమిటీ దగ్గర జవాబు ఉండదు. ఆ కేసూ హెచ్చరికతోనే ముగుస్తుంది. మూడోది ఇంకా తేలిగ్గా తేలిపోతుంది. నియమావళిలో ఏం రాసి ఉన్నా, లీగులో చెల్లుబాటయ్యేది కిందటిసారి వదిలేసిన కేసే.

ఇంతకీ గీత బయటివారు దేనిమీద గొంతు చించుకుంటున్నారు? ఎక్కువ గొడవలు ఆఫ్‌సైడ్ దగ్గరే, అంటే పాస్ అందుకునే ఆటగాడు ముందే ప్రత్యర్థి డిఫెండర్లను దాటి గోల్‌కు దగ్గరగా ఉన్నాడా అన్న దగ్గరే మొదలవుతాయి. ఆటగాడు ఎక్కడున్నాడో చూడాల్సింది సహచరుడు బంతిని తన్నిన క్షణంలో. బంతి అతనికి చేరిన క్షణంలో కాదు. పాస్ బయల్దేరాక పరుగందుకున్న పిల్లవాడు బంతి అందుకునేసరికి డిఫెండర్లను దాటి నాలుగు మీటర్లు ముందుంటాడు. బయటివారికి కనిపించేది ఆ నాలుగు మీటర్లే. బంతి బయటికి పోయాక ఆట మళ్లీ మొదలుపెట్టే త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ వర్తించదన్న సంగతి తెలియకుండా తీర్పులు చెప్పేవారికీ కొదవ లేదు. బంతి చేతికి తగిలితే చాలు, 'హ్యాండ్' అని కేకలు. పిల్లవాడు చేతులు ఒంటికి ఆనించి సహజంగా నిలబడి ఉంటే, అనుకోకుండా తగిలిన బంతి సాధారణంగా తప్పు కిందికి రాదు. ఫౌల్ అయినా దెబ్బతిన్న జట్టుకే గోల్ అవకాశం ఉందేమోనని రిఫరీ రెండు మూడు సెకన్లు ఆగి చూస్తే, ఈల మింగేశావా అంటారు.

పైగా పిల్లల మ్యాచ్‌లలో రిఫరీ చాలాచోట్ల ఒంటరి. శిక్షణ పొందిన అసిస్టెంట్లు ఉండరు. జెండా పట్టేది ఓ తల్లో తండ్రో, అదీ చాలాసార్లు బంతి గీత దాటిందో లేదో చెప్పేందుకే. డెబ్బై మీటర్ల మైదానం నడుమ పరుగెత్తుతూ అవతలి కొసన ఉన్న డిఫెండర్ల వరుసను పక్కనుంచి చూడటం ఎంత పండినవాడికైనా సాధ్యం కాదు. తప్పులు జరుగుతాయి, జరిగి తీరతాయి. అయినా ఆటలో ఏం జరిగిందన్న విషయంలో రిఫరీ నిర్ణయమే అంతిమమని ఫుట్‌బాల్ ఆట నియమాల్లో ఐదోది అంటోంది. రిఫరీ పొరపడడని కాదు, ఆట ముందుకు సాగాలి గనుక.

ఇంగ్లండ్‌లో 14 ఏళ్లకే రిఫరీ కోర్సులో చేరవచ్చు. అలా వచ్చినవారికి అప్పగించేది తమకన్నా చిన్నవారి ఆటలే. అంటే పదకొండేళ్లవారి మ్యాచ్‌కు పదిహేనేళ్ల పిల్ల రిఫరీ, చుట్టూ నలభై దాటిన పెద్దలు. స్కూల్లో టీచర్ తమ బిడ్డను అందులో పదోవంతు మాటన్నా వీరు ఊరుకోరు. కొత్త రిఫరీలు త్వరగా మానుకోవడానికి దూషణలు ఒక ప్రధాన కారణమని ఫుట్‌బాల్ సమాఖ్యలే ఒప్పుకుంటున్నాయి. ఒకరు మానితే ఆ మ్యాచ్‌లు మిగిలినవారి మీద పడతాయి. ఒకే రోజు నాలుగో మ్యాచ్‌కు కాళ్లు సహకరించవు, రిఫరీ బంతికి దూరమవుతాడు, తప్పులు పెరుగుతాయి, వాటితోపాటు తిట్లూ పెరుగుతాయి. రిఫరీయే దొరకని రోజున ఏదో ఒక జట్టు తండ్రి ఈల అందుకుంటాడు. ఇక అవతలివారి అనుమానాలకు అంతుండదు.

ఇది నోటితో ఆగే వ్యవహారమూ కాదు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మేర్‌లో, కొడుకు ఆడుతున్న మ్యాచ్‌కు జెండా పట్టుకుని లైన్స్‌మన్‌గా నిలబడిన ఓ వాలంటీరును ఆట ముగిశాక ప్రత్యర్థి జట్టువారు కింద పడేసి తన్నారు. మర్నాడు ఆయన మరణించారు. ఆరుగురు కుర్రాళ్లతోపాటు వారిలో ఒకరి తండ్రినీ కోర్టు దోషిగా తేల్చింది. ఆ తండ్రికి ఆరేళ్ల జైలుశిక్ష పడింది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటాలో, ఎల్లో కార్డు ఇచ్చిన రిఫరీని 17 ఏళ్ల ఆటగాడు ఒక్క పిడిగుద్దు గుద్దాడు. వారం తర్వాత ఆయనా పోయారు. ఇలాంటివి ఎక్కడో అరుదుగా జరుగుతాయనవచ్చు, నిజమే. కానీ గీత దాటడం మామూలైపోయిన చోటే ఆ తర్వాతి అడుగు పడుతుంది.

ఆటలో ఆవేశాలు సహజమని, రిఫరీల్లోనూ అసమర్థులున్నారని, ప్రతి కేకకూ శిక్ష వేస్తే మైదానం వైపు ఎవరూ రారని వాదించేవారున్నారు. రిఫరీ పనితీరు మీద ఫిర్యాదు ఉంటే మ్యాచ్ ముగిశాక, ఏ నిమిషంలో ఏ నిర్ణయమో పేర్కొంటూ, క్లబ్ ద్వారా రాతపూర్వకంగా పంపవచ్చు. లీగ్ ఓ పరిశీలకుణ్ని పంపి లోపం సరిదిద్దుతుంది. ఈ వాదనకు ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

నియమాలు లేక కాదు ఈ దుస్థితి. 2019 నుంచి కోచ్‌లకూ ఎల్లో, రెడ్ కార్డులు చూపించే వీలుంది. బెంచీలోంచి తిట్టిందెవరో తేలకపోతే టెక్నికల్ ఏరియాలో, అంటే బెంచీ ముందు కోచ్‌లకు కేటాయించిన చోట, ఉన్న ప్రధాన కోచ్‌కే ఆ కార్డు. ప్రేక్షకులకు కార్డు లేదు గానీ, బయటి జోక్యం ఉంటే ఆటను ఆపే, రద్దు చేసే అధికారం రిఫరీకి ఉంది. దానికో పద్ధతీ ఉంది. రిఫరీ నేరుగా ఆ తండ్రి దగ్గరికి వెళ్లి వాదనకు దిగకూడదు. బంతి బయటికి పోయినప్పుడు ఆట ఆపి, ఆ జట్టు కోచ్‌ను పిలిచి, నోరు చేసుకుంటున్నదెవరో చూపి ఆపించమనాలి. మళ్లీ నోరు లేస్తే, ఆ మనిషి మాట వినపడనంత దూరం వెళ్లేదాకా ఆట మొదలుపెట్టకూడదు. మూడోసారికి మ్యాచ్ రద్దు. చెడిపోయేది రెండో మెట్టు దగ్గరే. ఆ మనిషి నాలుగడుగులు వెనక్కి వేయగానే రిఫరీ ఈల ఊదేస్తాడు. హెచ్చరిక విలువ అక్కడే పోతుంది. కుర్రవాడిని తప్పుపట్టలేం. రద్దయిన మ్యాచ్‌ను లీగ్ ఏ శిక్షా లేకుండా మరో వారం మళ్లీ ఆడిస్తుందని తెలిసినప్పుడు ఎవరు తెగిస్తారు? ఇదీ ఈసారికి వదిలేయడమే.

అసలు కేసులు చచ్చేది కాగితం మీద. నివేదికలో 'అసభ్యంగా మాట్లాడారు' అని రాస్తే కమిటీకి కావలసిన సందు దొరికినట్లే. అన్న మాట ఎంత రోతగా ఉన్నా, అన్నది అన్నట్లే రాయాలి. ఏ నిమిషం, స్కోరెంత, ఆ వ్యక్తి ఏ వైపు, ఎంత దూరంలో ఉన్నాడు, కోచ్‌కు ఎన్నిసార్లు చెప్పారు, చెయ్యి తగిలిందా, తగిలితే ఎక్కడ, ఇవన్నీ అదే రోజు రాయాలి. ఈ సంగతులు కుర్రవాడికి చెప్పేదెవరు? ఫారం చేతిలో పెట్టడమే గానీ పక్కన కూర్చుని పూరింపజేసే పెద్దదిక్కు చాలాచోట్ల ఉండదు. తర్వాత విచారణ. ఒకవైపు తిట్టిన మనిషి, అతనికి వత్తాసుగా క్లబ్ కార్యదర్శి, ఏమీ వినలేదని చెప్పే ఇద్దరు సాక్షులు. మరోవైపు పరీక్షల చదువు వదులుకొని వచ్చిన పిల్లవాడు. మొదటిసారి వాయిదా. రెండోసారి పిల్లవాడు రాడు. ఫిర్యాదుదారు హాజరు కాలేదని ఫైలు మూసేస్తారు, మర్నాటి నుంచి అది కూడా ఓ ఉదాహరణే. మైనర్ రిఫరీ రాతపూర్వక వాంగ్మూలాన్నే సాక్ష్యంగా తీసుకుని, సందేహాలుంటే తల్లిదండ్రుల సమక్షంలో విడిగా అడిగితే కమిటీ సొమ్మేం పోతుంది?

శిక్ష వెంటనే, తప్పకుండా పడితే దారికొస్తారనడానికి రుజువుంది. రిఫరీ మీద నోరు పారేసుకున్న ఆటగాణ్ని 10 నిమిషాలు బయట కూర్చోబెట్టే 'సిన్ బిన్' పద్ధతిని ఇంగ్లండ్ 2019-20 సీజన్ నుంచి దిగువ లీగుల్లో అమలు చేసింది. అంతకుముందు చేసిన ప్రయోగంలో అలాంటి వాగ్వాదాలు 38 శాతం తగ్గాయని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) ప్రకటించింది. రిఫరీల పట్ల పదేపదే తీవ్రంగా ప్రవర్తించే జట్లకు 2023-24 నుంచి 3 నుంచి 12 పాయింట్లదాకా కోత పెట్టింది. అదే ఏడాది రిఫరీల ఒంటి మీద కెమెరాలూ పరీక్షించింది, కాకపోతే పెద్దల లీగుల్లో. ఎక్కువ రక్షణ కావలసినవారు ఇక్కడా చివరనే. జర్మనీ 2024-25 నుంచి అమెచ్యూర్ మ్యాచ్‌లలో, పరిస్థితి వేడెక్కితే రెండు జట్లనూ తమ తమ గోల్ ముందుండే పెనాల్టీ ఏరియాల్లోకి పంపి, కెప్టెన్లను, కోచ్‌లను మాత్రమే మధ్యకు పిలిచి మాట్లాడే అధికారాన్ని రిఫరీలకిచ్చింది. అక్కడి చిన్నపిల్లల ఫెయిర్ ప్లే లీగ్‌లో తల్లిదండ్రులను మైదానానికి సుమారు 15 మీటర్ల దూరంలో నిలబెడతారు.

మన క్లబ్బులకు అంత దూరం కూడా అక్కర్లేదు. తల్లిదండ్రులంతా ఒకవైపు, జట్లు, కోచ్‌లు ఎదుటివైపు ఉండాలి. గీతకు రెండు మీటర్ల వెనక తాడు కట్టాలి. గోల్ వెనక ఎవరినీ నిలబడనివ్వకూడదు. తాడు దగ్గర మెరిసే చొక్కాతో ఒక బాధ్యుడు ఉండాలి. ఇది చేతకాని క్లబ్బులే ప్రవేశద్వారం దగ్గర 'రిఫరీని గౌరవించండి' అని బోర్డు పెడతాయి. తిట్టినవాడు విరాళాలిచ్చేవాడైతేనో, జట్టులో గోల్స్ కొట్టే పిల్లవాడి తండ్రైతేనో ఆ బోర్డు ఎవరికీ కనిపించదు. కోచ్‌ల పాత్ర ఇంకా సూక్ష్మం. నిర్ణయం రాగానే కోచ్ రెండు చేతులూ గాల్లోకెత్తి వెనక్కి తిరిగితే చాలు, నోరు విప్పనక్కర్లేదు. వెనకున్న ఇరవై మందికి అదే ఆదేశం.

మా డిమాండ్లు మూడు. ఆట సాగుతుండగా గీత దాటి రిఫరీ మీదికి వెళ్లిన పెద్దవారెవరికైనా, కమిటీ విచక్షణతో పని లేకుండా, కనీసం ఆ సీజన్ మొత్తం నిషేధం. ఆ జట్టుకు పాయింట్ల కోత, రద్దయిన మ్యాచ్‌లో గెలుపు ప్రత్యర్థికే. పాత కేసుల్లో చూపిన మెతకదనాన్ని ఇకపై ఎవరూ ఉదాహరణగా చూపరాదని నియమావళిలో ఒక్క వాక్యం. ఇవేవీ కుదరవని, ఆ తండ్రి మంచివాడేనని, ఈసారికి వదిలేద్దామని ఇంకా అనే కమిటీ పెద్దలు వచ్చే ఆదివారం తామే ఈల మెడలో వేసుకుని, అసిస్టెంట్లు లేకుండా, ఆ తండ్రి నిలబడే వైపే పరుగెత్తి ఓ మ్యాచ్ ఆడించి రండి. ఆ తర్వాత ఫైలు తెరవండి.