తాడు పట్టుకునే చెయ్యి

కొండచరియకు వేలాడే తేనెపట్టు కోసం చెంచు తాడు మీద లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది బావమరిది. తోబుట్టువు బతుకు ఆ తాడుకే ముడిపడి ఉంది కాబట్టి అతను పట్టు వదలడని నల్లమల నమ్మకం. అడవి పోతే ఎవరి బతుకు పోతుందో, అడవి తాడు కూడా వాళ్ల చేతిలోనే ఉండాలి.

జరుగుతున్నది దీనికి తలకిందులు. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, తరలింపు వేగం పెంచాలని 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. గ్రామసభ ఒప్పుకోనిదే ఒక్క గడపనూ కదపకూడదని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది.

జనం ఉంటే పులి నిలవదంటారా? కర్ణాటకలోని బిళిగిరి రంగనబెట్ట పులుల అభయారణ్యంలో సోలిగ గిరిజనులకు 2011లో సామూహిక అటవీ హక్కులు, అంటే ఊరంతా కలిసి అడవిని వాడుకుని కాపాడుకునే హక్కులు వచ్చాయి. 2010లో 35గా లెక్కతేలిన పులులు 2014కి 68 అయ్యాయి. హక్కుల వల్లే పెరిగాయని నేను అనను. హక్కులిస్తే పులులు పోతాయన్న భయం మాత్రం నిజం కాలేదు.

అక్కడి నిప్పు సంగతి ఇంకా ముఖ్యం. ఎండలు ముదరకముందే సోలిగలు ఎండుటాకులకు చిన్న మంట పెట్టేవారు. దాన్ని ‘తరగు బెంకి’ అంటారు. ఆ మంటకు లాంటానా అనే కలుపు పొద మొలకలు మాడిపోయేవి, ఉసిరిచెట్ల మీద బతికే బదనిక మొక్క అదుపులో ఉండేది. అడవిని రక్షిస్తున్నామని నిప్పును నిషేధించారు. లాంటానా కమ్మేసి గడ్డికి చోటు లేకుండా చేసిందని సోలిగలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గడ్డి లేనిచోట దుప్పి ఉండదు, దుప్పి లేనిచోట పులి ఉండదు. ఆ మాట వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

జనం ఉన్నచోట వేట ఉంది, పశువుల మేత ఉంది, కాదనను. బడి కోసం, ఆస్పత్రి కోసం కొన్ని కుటుంబాలు తామే బయటికి వస్తామంటున్నాయి. రానివ్వండి. కానీ ఉండటానికి దారి ఉన్నప్పుడే వెళ్లడాన్ని సమ్మతి అనగలం.

ఊరూ అటవీ శాఖా కలిసి అడవిని కాపాడాలని 1990ల్లో వన సంరక్షణ సమితులు పెట్టారు. పేరు ఊరిది, పెత్తనం శాఖది. నల్లమలలో చెంచులను అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా తీసుకున్నారు. జాడ తీసే కన్ను వాళ్లది, జీతం రోజుకూలీది, నిర్ణయం ఇంకొకరిది. కూలి ఇవ్వడాన్ని భాగస్వామ్యం అనకూడదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. తాడు వదలనిది ఎవరో ఆ నాలుగు నెలలూ చూశాం. అందుకే నల్లమల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, సామూహిక హక్కుపత్రాలు గ్రామసభల పేరిట రావాలి. అంతవరకు తరలింపు ఫైలు ఒక్కటి కూడా కదలకూడదు.