భద్రతకు పాతిక శాతం రేటా?

2025 డిసెంబరు 8న అమెరికా ప్రభుత్వం రెండు మాటలు చెప్పింది. అమెరికా కంపెనీ ఎన్విడియా తయారుచేసే హెచ్100, హెచ్200 ఏఐ చిప్‌లను దొంగచాటుగా చైనాకు చేరవేస్తున్న ముఠా గుట్టు రట్టు చేశామని, ఆ సరుకు విలువ తక్కువలో తక్కువ 16 కోట్ల డాలర్లని న్యాయశాఖ ప్రకటించింది. అదే రోజు అధ్యక్షుడు ట్రంప్, అదే హెచ్200ను చైనాకు అమ్ముకోవచ్చని, అమ్మకాల్లో 25 శాతం అమెరికాకు చెల్లించాలని సోషల్ మీడియాలో రాశారు. న్యాయశాఖ ఏ సరుకు పంపారని కేసు పెట్టిందో, ఆ సరుకుకే అధ్యక్షుడు లైసెన్సు ఇస్తానంటున్నారు. తేడా ఎక్కడుందని వెతికితే ఆ పాతిక శాతం దగ్గరే కనిపిస్తోంది.

చైనాకు చిప్‌ల ఎగుమతిపై ఆంక్షలు ఎందుకొచ్చాయో అందరికీ తెలుసు. చైనా సైన్యం చేతికి శక్తిమంతమైన ఏఐ చిప్‌లు వెళ్లకూడదంటూ 2022 అక్టోబరులో బైడెన్ ప్రభుత్వం గేటు మూసింది, 2023లో మరింత బిగించింది. ఆ హద్దులకు లోబడి ఎన్విడియా తయారుచేసిన తక్కువ రకం చిప్ హెచ్20. దాన్ని కూడా 2025 ఏప్రిల్‌లో ఆపింది ట్రంప్ ప్రభుత్వమే. ఆగస్టు వచ్చేసరికి అమ్మకాల్లో 15 శాతం ఇస్తే పంపుకోవచ్చంది. తాను 20 అడిగానని, బేరమాడి 15కి ఒప్పుకున్నానని ట్రంప్ స్వయంగా చెప్పారు. బేరం అన్న మాట మేం అంటున్నది కాదు, దేశాధ్యక్షుడు విలేకరుల ముందు అన్నది. ఆ తర్వాత నాలుగు నెలలకే అంతకంటే ఎన్నో రెట్లు బలమైన చిప్‌కు గేటు తెరుచుకుంది, వాటా 25 అయింది.

నిషేధం పెడితే చైనా కంపెనీ హువావేకే లాభమని, చైనా ఇంజినీర్లు అమెరికా చిప్‌ల మీదే ఆధారపడేలా ఉంచడం మంచిదని ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ చాలాకాలంగా వాదిస్తున్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అదే నిజమైతే ఆంక్షలు ఎత్తేయండి, వాటా ఎందుకు? హెచ్200 వల్ల ముప్పు లేదంటే పైసా తీసుకునే హక్కు ప్రభుత్వానికి లేదు. ముప్పు ఉందంటే పాతిక శాతం కాదు, నూరు శాతం ఇచ్చినా అమ్మనివ్వకూడదు. ఈ రెంటికీ మధ్యలో నిలబడి డబ్బు తీసుకోవడాన్ని మన ఆఫీసుల్లో మామూళ్లు అంటారు. ఖజానాకు వెళ్లినంత మాత్రాన పేరు మారదు.

చట్టం సంగతీ చూద్దాం. ఎగుమతుల మీద పన్ను వేయకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం తొమ్మిదో సెక్షన్‌లో సూటిగా రాసి ఉంది. ఎగుమతి లైసెన్సు దరఖాస్తులకు ఫీజు వసూలు చేయకూడదని 2018 నాటి ఎగుమతి నియంత్రణ చట్టం చెబుతోంది. దీన్ని ఫీజు అనకుండా, పన్ను అనకుండా ఇంకో పేరు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, డబ్బు మాత్రం లైసెన్సు కోసమే అడిగారు.

మాకు అసలు ఆందోళన ఇదొక ఆనవాయితీ అవుతుందన్నది. ఇది మొదటిసారి కూడా కాదు. 2018లో చైనా టెలికాం కంపెనీ జడ్‌టీఈ మీద పెట్టిన నిషేధాన్ని 100 కోట్ల డాలర్ల జరిమానా, ఇంకొన్ని షరతులతో ఎత్తేశారు. అదే ఏడాది చివర హువావే ఉన్నతాధికారి మెంగ్ వాంఝౌ కెనడాలో అరెస్టయితే, వాణిజ్య ఒప్పందానికి పనికొస్తుందంటే ఆ కేసులో జోక్యం చేసుకుంటానని ట్రంప్ బాహాటంగా అన్నారు. అప్పుడు ఒక్కో కంపెనీకి, ఒక్కో కేసుకు జరిగిన బేరం ఇప్పుడు శాతాల లెక్కన స్థిరపడుతోంది. ఎన్విడియా ఇంకా కొత్త తరం చిప్‌లైన బ్లాక్‌వెల్, రూబిన్ ఈ డీల్‌లో లేవని ట్రంప్ అన్నారు. హెచ్20ని ఆపిన ఏప్రిల్‌లో హెచ్200 ఊసు కూడా లేదు కదా! 15 తర్వాత 25 వచ్చింది, 25 తర్వాత ఎంత?

మిత్రదేశాల పరిస్థితి ఇంకా అన్యాయం. అమెరికా ఒత్తిడి మీద నెదర్లాండ్స్ తన కంపెనీ ఏఎస్ఎంఎల్ తయారుచేసే ఈయూవీ యంత్రాలను, అంటే అత్యాధునిక చిప్‌ల తయారీకి వాడే యంత్రాలను, చైనాకు పోనివ్వలేదు. జపాన్ 2023లో 23 రకాల చిప్ తయారీ పరికరాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. పెద్ద మార్కెట్‌ను వదులుకొని ఈ దేశాలు మాట విన్నది భద్రత అన్నారు కాబట్టే. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన నిబంధనలో, పరిమితి లేకుండా చిప్‌లు కొనుక్కోగల 18 మిత్రదేశాల జాబితాలో భారత్‌కు చోటు దక్కలేదు. మేలో దాన్ని రద్దు చేశారు, అది వేరే విషయం. స్నేహితులకు కోటాలు గీసిన చేత్తోనే, ప్రత్యర్థి అని తాము ముద్రవేసిన దేశానికి కమీషన్ మీద అమ్ముతుంటే రేపు వాషింగ్టన్ నుంచి ఫోన్ వస్తే ది హేగ్‌లో, టోక్యోలో ఎవరు వింటారు?

బీజింగ్ కూడా ఇదంతా చూస్తూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో కొన్ని అరుదైన ఖనిజాలకు, వాటి అయస్కాంతాలకు చైనా ఎగుమతి లైసెన్సులు పెట్టింది, దానికీ చెప్పిన కారణం దేశ భద్రతే. రేపు లైసెన్సు కావాలంటే 25 శాతం కట్టమని చైనా అంటే అమెరికా ఏ ముఖంతో అభ్యంతరం చెబుతుంది? ప్రపంచ వాణిజ్య నియమాల్లో భద్రత పేరిట ఒక మినహాయింపు ఉంది. దాన్ని వాడుకునే ప్రతి దేశం నిజాయితీగా వాడుతుందన్న నమ్మకం మీదే అది నిలబడింది. 2018లో పక్కనున్న కెనడా ఉక్కు కూడా భద్రతకు ముప్పని సుంకం వేసినప్పుడే ఆ నమ్మకం సగం పోయింది. ఇప్పుడు ఏకంగా రేటు పలికించారు.

అమెరికా కాంగ్రెస్ సభ్యులు, ముఖ్యంగా చైనా పేరెత్తితే గొంతు చించుకునే అధికార పార్టీ సభ్యులు, ఆగస్టులో 15 శాతం దగ్గరే అడ్డుపడి ఉంటే వ్యవహారం ఇంతదూరం వచ్చేది కాదు. ఫీజు వద్దని చట్టంలో రాసింది ఆ సభే. తాను రాసిన చట్టాన్ని కళ్లముందే బేరానికి పెడుతుంటే ఉత్తరాలు రాసి ఊరుకోవడం బాధ్యత అనిపించుకోదు. వాణిజ్య మంత్రిని పిలిచి కూర్చోబెట్టండి. హెచ్200 ప్రమాదమా కాదా, ఒక్క మాటలో జవాబు చెప్పించండి.